గొంతు లేని మావు

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు.
ఉత్తమాట.
నీకు అన్నీ మామూలుగానే ఉన్నాయి,
చీ నది దాని బురదరంగులోనే పారింది.
మాకే నువ్వు పచ్చబడ్డావు, ఖమ్‌ఫాయ్.

ముందు చూసింది నేను కాదు.
రేవులో చేపలు తూచే యుపిన్
డబ్బు లెక్కపెడుతూ తలెత్తి
"మామా, నీ కళ్లలో పసుపెవరు కలిపారు?" అంది.
నువ్వు నవ్వావు.
అప్పటికే పది రోజులుగా, రాత్రిళ్లు
వెదురుబద్దతో వీపు గోక్కుంటున్నావు
నెత్తురొచ్చేదాకా.
నేను దోమలనుకున్నాను. దుప్పటి ఉతికాను.

ఖోన్‌కేన్ ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ
తెర మీద నీ కాలేయం చూపించింది.
కొమ్మలన్నీ ఉబ్బిన చెట్టు,
మొదలు దగ్గర తెగిపోయి ఉంది.
"పసరు దిగే నాళం ఇక్కడ మూసుకుంది.
మూసింది గడ్డ. మంచి గడ్డ కాదు."
ఆ తర్వాత, తనూ ఈ వైపు పిల్లే కనక,
తలొంచుకుని అడిగింది:
"పచ్చిచేప తింటారా?"

ఏం చెప్పను.
నిమ్మరసం, ఎండుకారం, వేయించిన బియ్యప్పొడి,
గట్టున కూర్చుని అప్పటికప్పుడు కొట్టిన ఏటిచేప.
మన పెళ్లినాడు కూడా అదే వడ్డించారు.
ఎప్పటి ముద్దలోదో
కంటికానని పురుగొకటి
నాకంటే ముందే నీలో కాపురం పెట్టిందట.

మొదట పక్కటెముకల సందున సూది,
సూది వెంట తీగ, తీగ వెంట గొట్టం,
గొట్టం చివర సంచి.
మొదటిరోజు ఆరువందల మిల్లీలీటర్లు,
కుళ్లిన తమలపాకు రంగు.
నోటుపుస్తకంలో రాశాను.
ఆరువందల ఇరవై. ఐదువందల ఎనభై.
ఒకరోజు "ఒలికింది, తెలీదు" అని రాశాను.
గొట్టంలోకి ఉప్పునీళ్లు ఎక్కించడం నర్సు రసమీ నేర్పింది,
నా చెయ్యి వణికితే తన చెయ్యి వేసి.
బస్సులో నీ సంచిని నా చేసంచిలో దాచాను,
కొత్తిమీర కట్ట కింద.
వెచ్చగా ఉండేది.
నీ లోపలి వేడి, నా ఒళ్లో.

మూడోవారం పెద్ద డాక్టరు
నమూనా స్టెంట్ నీ చేతికిచ్చాడు.
వేలెడు పొడవు, లోహపు అల్లిక.
నొక్కావు, వదిలావు, దాని కన్నాలు లెక్కపెట్టావు.
నలభై ఏళ్లు వెదురుమావులు అల్లిన చెయ్యి కదా.
"పనితనం బాగుంది. కానీ
అల్లినవాడు లోపల గొంతు పెట్టడం మరిచాడు.
వచ్చిన చేప వచ్చినట్టే పోతుందే!"
డాక్టరు నవ్వలేదు. కాసేపు ఆలోచించాడు.
"పోవడానికే, తాతా."

గొట్టం వేసిన పాత దారి వెంటే లోపలికి తోశారు.
గడ్డ నడుమ అది విచ్చుకుందట, మెల్లగా.
రెండురోజులకు సంచి తీసేశారు.
దురద పోయింది.
పగలూ రాత్రీ తేడా లేకుండా నిద్రపోయావు.
ఐదోరోజు మరుగుదొడ్డిలోంచి కేకేశావు.
పడ్డావేమోనని పరిగెత్తాను.
"చూడు! రంగొచ్చింది!"
నెలరోజులుగా సుద్దమట్టిలా ఉన్నది కదా.
ఇన్నేళ్లలో నువ్వు నన్ను పిలిచి చూపించినవి మూడే.
ఒక గ్రహణం, ఒక కవల దూడల జత,
ఇప్పుడిది.

"గడ్డ అక్కడే ఉంది," డాక్టరమ్మ మళ్లీ చెప్పింది,
మేం వినలేదనుకుందేమో.
"దారి మాత్రం వేశాం. ఆరు నెలలో, ఏడాదో.
చలిజ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు."

ఇప్పుడు చేపను ముళ్లు మెత్తబడేదాకా ఉడికిస్తున్నాను.
గడ్డిలా ఉందంటావు, అంటూనే తింటావు.
పక్కింట్లో మీ తమ్ముడు పచ్చిది తింటూ గ్లాసెత్తుతాడు.
వెళ్లి వాడి గిన్నె పొయ్యిలో బోర్లించాను ఒకసారి.
అప్పట్నుంచి మాటల్లేవు.

నిన్న ఒక మావు పూర్తి చేశావు.
లోపల గొంతు లేదు.
మరిచావా అని నేనడగలేదు.

నోటుపుస్తకంలో ఇంకా సగం కాగితాలున్నాయి.
కొలవడానికి ఏమీ లేదు.
రాత్రి రెండింటికి లేచి
నీ నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూసి
ఒకటే మాట రాస్తున్నాను, తేదీ వేసి:
చల్లగా ఉంది.